ఫారంలో పట్టని పెద్దమ్మ

ఎడిన్‌బర్గ్‌లో సోషల్ వర్క్ మాస్టర్స్ చదివేటప్పుడు, డిసర్టేషన్ కోసం నేను ఎంచుకున్న విషయం మా ప్రొఫెసర్‌కి వింతగా తోచింది. మలావీ దేశంలో కన్నవాళ్లు పోయిన పిల్లలు ఎవరి దగ్గర పెరుగుతున్నారు, వాళ్లని పెంచే ఆడవాళ్లకి ఏ సాయం అందుతోంది, అక్కడ తెలిసినది బ్రిటన్‌లో ఆఫ్రికా కుటుంబాలతో పనిచేసే సోషల్ వర్కర్లకి ఎలా పనికొస్తుంది. ఒక పేజీలో ఇదే రాసిచ్చాను. ఆయన మంచివాడే. కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇండియా గురించి చేస్తే నీకు సులువు కదా అన్నాడు. భాష వచ్చు, మనుషులు తెలుసు, హైదరాబాద్‌లో పిల్లల హెల్ప్‌లైన్‌లో రెండేళ్లు పనిచేసిన అనుభవం ఉంది. ఆఫ్రికా నీకెందుకు అని ఆయన అనలేదు. కానీ నాకు వినిపించింది అదే.

మా క్లాసులో స్కాట్లండ్ అమ్మాయి ఒకామె నేపాల్ మీద చేస్తోంది. ఇంకొకతను కంబోడియా ఎంచుకున్నాడు. వాళ్లని మీ ఊరి సంగతి మీరు రాసుకోండి అని ఎవరూ అన్నట్టు నాకు గుర్తు లేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. "వాళ్లు ప్రపంచంలో ఎక్కడికైనా వెళ్లి చూసి రావచ్చు. నేను మాత్రం నా ఇంటి గురించే చెప్పాలా?" ఆయన ముఖం ఎర్రబడింది. నా పేజీ మళ్లీ దగ్గరికి తీసుకుని, ఈసారి మొదటినుంచి చదివాడు.

అక్కడి తెలుగువాళ్లం కొద్దిమందిమి. నెలకోసారి ఎవరో ఒకరి ఫ్లాట్‌లో తలా ఒక వంట చేసుకుని వెళ్లి కలిసేవాళ్లం. బ్యాంకులో పనిచేసే అంకుల్ ఒకాయన నా ప్రయాణం సంగతి విని, పప్పు వడ్డించుకుంటూ, "ఆఫ్రికా పోయి నువ్వేం నేర్చుకుంటవమ్మా? మనమే వాళ్లకు నేర్పాలె" అన్నాడు. నలుగురూ నవ్వారు. మనకి ఏం వచ్చని నేర్పుతాం అంకుల్ అని అడిగాను. ఆయన నవ్వుతూనే ఇంకొంచెం పప్పు వడ్డించుకున్నాడు. ఆ నెల తర్వాత నేను ఆ కలయికలకి వెళ్లడం తగ్గించాను.

యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ నా ప్రశ్నల కాగితాన్ని మూడుసార్లు తిప్పి పంపి, చివరికి ఒప్పుకుంది. ఆ కాగితంలో మొదటి ప్రశ్న కమిటీ సలహా మీద చేర్చింది: ఈ ఇంట్లో ఎంతమంది అనాథలు ఉన్నారు?

మలావీ దక్షిణాన, జోంబా కొండల దిగువన ఒక పల్లెలో ఆరువారాలు ఉన్నాను. రిటైరైన బడిపంతులమ్మ ఒకామె నాకు దుబాసీగా వచ్చేది. ఇంగ్లీషు ఎంత శుభ్రంగా మాట్లాడేదంటే, నా ఇంగ్లీషు వినలేక అప్పుడప్పుడు కళ్లు మూసుకునేది. మొదటి ఇంటికి ఆమే తీసుకెళ్లింది. అరుగు మీద ఒక పెద్దావిడ గుమ్మడి ఆకుల కుప్ప ముందు పెట్టుకుని, కాడల మీది పీచు తీస్తూ కూర్చుంది. చనిపోయిన చెల్లెలి పిల్లలు నలుగురు ఆ ఇంట్లో ఉన్నారని నాకు ముందే చెప్పారు. నేను కాగితం తీసి మొదటి ప్రశ్న అడిగాను.

ఎవరూ లేరు అంది ఆవిడ.

పిల్లలు నలుగురూ నా కళ్లముందే ఉన్నారు. ఒకడు గోడ మీద కూర్చుని నా చెప్పులు చూస్తున్నాడు. పంతులమ్మ ఇబ్బందిగా నావైపు చూసింది. నేను ప్రశ్న మార్చి మళ్లీ అడిగాను. ఆవిడ తన గుండె మీద చెయ్యి వేసుకుని ఏదో గట్టిగా అంది. నాకు వినిపించింది "అమాయి ఆకులు" అని. అమ్మాయీ, ఆకులు. ఊరికే కూర్చోకుండా ఆ ఆకులు వలువు అంటోందనుకుని, కాగితం పక్కన పడేసి ఒక కాడ అందుకుని పీచు తీయడం మొదలుపెట్టాను. ఆవిడ నిర్ఘాంతపోయి చూసి, తర్వాత కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. పంతులమ్మ విడమరిచి చెప్పింది. వాళ్ల చిచేవా భాషలో అమాయి అంటే అమ్మ. అమాయి ఆకులు అంటే పెద్ద అమ్మ. తల్లికి అక్క. తల్లి చెల్లెలయితే చిన్న అమ్మ. ఇక్కడ అనాథలు లేరు, నేను వీళ్ల పెద్ద అమ్మని అని ఆవిడ చెబుతోంది.

నా చేతిలో గుమ్మడి కాడ అలాగే ఉండిపోయింది. మా భాషలోనూ ఇదే మాట అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. అనమంది. "పెద్దమ్మ" అన్నాను. ఆవిడ ఆ మాటని రెండుసార్లు పలికి చూసుకుని, ఆకులు నాకింకొన్ని జరిపింది.

ఆ రోజు పని పూర్తయ్యాక ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. కొంతకాలం కింద ఏదో సంస్థ వాళ్లు లారీలో కంబళ్లు తెచ్చారట. అనాథలని రాయించుకున్న ఇళ్లకే ఇస్తామన్నారు. పిల్లల్ని వరసలో నిలబెట్టి, నీకు అమ్మ ఉందా అని ఒక్కొక్కరినీ అడిగి, లేదన్నవాళ్ల పేరు పక్కన టిక్కు పెట్టారు. ఈవిడ తన పిల్లల్ని వరసలోంచి లాక్కొచ్చేసింది.

"చలికాలం కదా, కంబళి అక్కర్లేదా అని అందరూ తిట్టారు. కంబళి కోసం నా పిల్లచేత నాకు అమ్మ లేదని చెప్పించాలా? ఆ మాట ఒకసారి నోటితో అంటే, కంబళి చిరిగిపోయాక కూడా అది పిల్ల చెవుల్లో ఉంటుంది." పంతులమ్మ తర్జుమా చేసి చెప్పిన ఈ మాటలు నేను ఆ రాత్రే రాసిపెట్టుకున్నాను. కమిటీ ఇచ్చిన మొదటి ప్రశ్నని ఇంక ఏ ఇంట్లోనూ అడగలేదు.

అన్ని ఇళ్లూ ఆవిడ ఇల్లు లాంటివి కావు. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. మూడో వారంలో వెళ్లిన ఇంట్లో, బాబాయి దగ్గర పెరుగుతున్న ఎనిమిదేళ్ల పిల్ల, మిగతా పిల్లలు తింటుంటే వాకిట్లో నిలబడి ఉంది. అందరూ తిన్నాక గిన్నెలు తోమడానికి తీసుకుని వెళ్లింది. ఇంటావిడ నాతో ఎంతో తీయగా మాట్లాడింది. పిల్ల కూడా అడిగిందానికల్లా బాగానే ఉన్నానంది. నేను బయటికి వచ్చి ఆ ఊరి ఆరోగ్య కార్యకర్తకి చెప్పాను. ఆయన నిట్టూర్చి, తెలుసు అన్నాడు. పల్లె పెద్దని తీసుకుని తర్వాతి వారం ఆ ఇంటికి వెళ్లాడు. పిల్ల మేనత్త వచ్చి తీసుకెళ్లిందని నేను బయల్దేరేముందు తెలిసింది.

అలాంటి ఇంటినీ మంచి ఇంటినీ మీరెలా గుర్తుపడతారని గుమ్మడి ఆకుల పెద్దావిడని అడిగాను. పెంచేవాళ్లని అడిగితే అందరూ ప్రేమ అనే చెబుతారు అంది. పిల్లని చూడాలట. జ్వరమొస్తే ఎవర్ని లేపుతుంది, దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి పరిగెత్తుతుంది, మరీ ముఖ్యంగా ఎవరి మీద అలుగుతుంది. "అలగని పిల్ల ఉన్న ఇంటికి రెండోసారి వెళ్లు. తనది కాని ఇంట్లో పిల్ల అలగదు. అలిగితే పిలిచి అన్నం పెట్టేవాళ్లు ఉండరని దానికి తెలుసు." నేను చదివిన ఏ పాఠంలోనూ ఈ మాట లేదు. అలగడం అనే మాటకి సరిపోయే ఇంగ్లీషు మాట కోసం డిసర్టేషన్ రాసేటప్పుడు రెండు రోజులు వెతికి, దొరక్క, నాలుగు వాక్యాల్లో వివరించాను.

మా ప్రొఫెసర్ డ్రాఫ్ట్ చదివి, బాగుంది కానీ సమస్య ఎక్కడ అని అడిగాడు. పేదరికం, జబ్బులు, ఆడవాళ్ల చాకిరీ అన్నీ రాశాను. ఆయనకి కావలసింది అనాథల సమస్య. ఆ మాటే సమస్య అన్నది నా వాదన. పెంచుతున్న అమ్మని లెక్కలోంచి తీసేసి, పిల్లకి ఎవరూ లేరని రాసుకుని, ఆ ఎవరూ లేని పిల్లకి సాయం పంపుతున్నారు. సాయం అందాల్సిన చెయ్యి ఆ అమ్మది. 'ఇక్కడ అనాథలు లేరు' అని నేను పెట్టిన శీర్షిక మార్చమన్నాడు. మార్చనన్నాను. డిసర్టేషన్ దిద్దిన రెండో ఆయన, విశ్లేషణ కన్నా ఆవేశం పాలు ఎక్కువైందని రాశాడు. పాసయ్యాను. మంచి మార్కులు రాలేదు. స్నాతకోత్సవానికి అద్దె గౌను వేసుకుని, ఆ చలిలో బస్సు ఎక్కి వెళ్లి పట్టా తీసుకున్నాను. ఏడవలేదు.

తర్వాత ఏడాది దక్షిణ ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్‌లో, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వంలో, పిల్లల విభాగంలో ఉద్యోగం దొరికింది. ఆ ఊళ్లో అద్దెలు భరించలేక లండన్ దగ్గరి స్లౌలో ఒక తెలుగు ఆంటీ ఇంట్లో పై గది తీసుకుని, రోజూ రైల్లో వెళ్లొచ్చేదాన్ని. ఆంటీది నల్లగొండ వైపు. నాది సిద్దిపేట. మాట కలిసింది. నా వీసా ఆ ఉద్యోగం మీదే ఉంది. ఆరునెలలు ప్రొబేషన్.

నాలుగో నెలలో ఒక ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. పదకొండేళ్ల పిల్ల, మలావీ నుంచి వచ్చిన కుటుంబం. ఆఫీసులో మలావీ ఎక్కడుందో తెలిసినది నాకొక్కదానికే కాబట్టి నాకిచ్చారు. పిల్ల తల్లి నర్సుగా ఈ దేశానికి వచ్చి, పిల్లతో సహా ఇక్కడ స్థిరపడి, నిరుడు క్యాన్సర్‌తో పోయింది. తండ్రి జాడ లేదు. అంతకు మూడేళ్ల ముందునుంచీ వాళ్లతోనే ఉంటున్న ఒకావిడ పిల్లని చూసుకుంటోంది. ఆవిడ వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. పనికి దగ్గరని మా కౌన్సిల్ పరిధిలోకి ఇల్లు మారి, పిల్లని కొత్త బడిలో చేర్చింది. చేర్చేటప్పుడు ఫారంలో తల్లి అన్నచోట తన పేరు రాసింది. తర్వాత బర్త్ సర్టిఫికెట్ ఇమ్మంటే ఇచ్చింది. అందులో వేరే పేరుంది. బడివాళ్లు అడిగితే, నేను పిల్ల పెద్ద అమ్మని అంది. అంటే ఆంట్ అని రాసుకున్నారు. మరి పిల్ల తల్లికి సొంత అక్కవా అంటే, కాదు, మా అమ్మా వాళ్లమ్మా అక్కచెల్లెళ్లు అంది. అంటే కజిన్. బడి పంపిన రిపోర్టులో ఒక వాక్యం కింద గీత గీసి ఉంది: ఈమె మూడుసార్లు మూడు కథలు చెప్పింది.

ఆ వాక్యం చదివి నేను కుర్చీలోంచి లేచాను. ఆమె చెప్పింది ఒకే కథ. తల్లికి పెద్దమ్మ కూతురు తల్లికి అక్కే. తల్లికి అక్క పిల్లకి పెద్దమ్మ. నాకూ అలాంటి పెద్దమ్మ ఉంది. మా అమ్మకి ఆమె సొంత అక్క కాదని నాకు పద్నాలుగేళ్లప్పుడు తెలిసింది, తెలిసి మర్చిపోయాను కూడా. ఇక్కడి చట్టంలో మాత్రం దగ్గరి బంధువంటే తాతలు, అమ్మమ్మలు, తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువుల వరకే. తల్లి కజిన్ బయటి మనిషి. బయటి మనిషి దగ్గర పిల్ల నాలుగు వారాలు మించి ఉంటే కౌన్సిల్‌కి తెలియజేయాలి. ఆమె తెలియజేయలేదు. తనకి ఆ నియమం వర్తిస్తుందని ఆమెకి తోచే అవకాశమే లేదు.

మా మేనేజర్ ఇంగ్లీషావిడ. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేసి అలసిపోయిన మనిషి. చెడ్డది కాదు. దాచిపెట్టి పెంచిన పిల్లలకి ఏం జరుగుతుందో కళ్లతో చూసినది. పిల్లని ముందు, ఇలాంటి పిల్లల్ని తాత్కాలికంగా పెంచే ఫాస్టర్ కుటుంబానికి పంపి, తర్వాత నిదానంగా విచారిద్దామని ఫైలు అంచున పెన్సిల్‌తో రాసిచ్చింది. ఆ ఫాస్టర్ ఇల్లు రైల్లో రెండు గంటల దూరం. నేను ముందు ఇంటికి వెళ్లి చూస్తానన్నాను. వెళ్లమంది.

లాండ్రీ షాపు మీద రెండు గదుల ఫ్లాట్. తలుపు తీసిన ఆవిడకి నలభై అయిదేళ్లుంటాయి. యూనిఫాంలోనే ఉంది. నా మెడలో కార్డు చూడగానే ముఖం రాయిలా అయిపోయింది. నాకొచ్చిన నాలుగు చిచేవా మాటల్లో నమస్కారం చెప్పాను. ఆమె ముఖం మెత్తబడలేదు. మా భాష నేర్చుకుని వచ్చినవాళ్లు ఇంకా ప్రమాదం అన్నట్టు చూసింది. ఆ చూపుకి నాకు కోపం రాలేదు.

పిల్ల నా ప్రశ్నలకి పూర్తి బ్రిటిష్ యాసలో ముక్తసరిగా జవాబిచ్చింది. ఆ శనివారం స్నేహితురాలి ఇంట్లో రాత్రి ఉండి వస్తానంటే ఈవిడ ఒప్పుకోలేదట. మాట మధ్యలో ఆ సంగతి మళ్లీ లేచి, పిల్ల నా ముందే విసురుగా లేచి గదిలోకి వెళ్లి తలుపు ధడాలున వేసుకుంది. ఆవిడ సిగ్గుపడిపోయింది. సోషల్ వర్కర్ ముందు ఇలా జరిగిందే అన్న భయం కళ్లలో తెలిసింది. తలుపు దగ్గర నిలబడి తమ భాషలో ఏదో బతిమాలింది, ఏదో బెదిరించింది, వంటగదిలోకి వెళ్లి పళ్లెంలో అన్నమూ చికెనూ పెట్టి బల్ల మీద ఉంచి, పేరు పెట్టి ఒకసారి పిలిచి ఊరుకుంది. పావుగంటకి పిల్ల వచ్చింది. ముఖం అటు తిప్పుకునే, ఆవిడ భుజానికి ఆనుకుని కూర్చుని తినడం మొదలుపెట్టింది.

ఆవిడ నీళ్లు తేవడానికి లేచినప్పుడు పిల్ల నాతో, మా అమ్మతో వేగలేను అంది. ఏ అమ్మతో అని అడిగాను. పిల్ల నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

"ఇద్దరితో. పోయిన అమ్మ కూడా ఇంతే. ఆమె అయితే అసలు స్లీప్‌ఓవర్ అన్న మాటే ఎత్తనిచ్చేది కాదు."

మూడుసార్లు వెళ్లాను. అక్కరకొచ్చే సంగతులన్నీ రాశాను. పిల్ల ఇన్‌హేలర్ ఎక్కడుందో, డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారో, ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి ఎవరు జడలు అల్లుతారో. మూడోసారి, జరగకూడనిది ఒకటి బయటపడింది. ఆవిడకి వారానికి రెండు రాత్రి షిఫ్టులు. ఆ రాత్రులు పిల్ల ఒంటరిగా ఉంటుంది. కింద షాపు వెనక ఉండే ముసలావిడ దగ్గర ఒక తాళం చెవి ఉందంతే. నాకు పిల్లే చెప్పింది. ఆవిడని అడిగితే ముందు కాదంది, తర్వాత నా మీద అరిచింది. "నాకు ఇష్టమై వెళ్తున్నానా? పగటి షిఫ్టు అడిగితే గంటలు తగ్గిస్తామన్నారు. ఎవర్ని అడగను?" ఇలా కుదరదు, ఇది నేను రాయక తప్పదు అని చెప్పాను. ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమె అనుమతితో మర్నాడు కేర్ హోమ్‌కి ఫోన్ చేసి, ఇద్దరు మనుషుల్ని దాటి, రోటా, అంటే షిఫ్టుల పట్టిక, వేసే ఆయనతో మాట్లాడాను. ఆయన కుదరదన్నాడు. పిల్ల రక్షణ విషయమని, కుదరదన్న మాట రాతపూర్వకంగా పంపమని అడిగాను. ఆ వారం చివరికి రాత్రి షిఫ్టులు పోయాయి. గంటలూ తగ్గాయి. ఆ తగ్గుదలకి కౌన్సిల్ నుంచి ఏం సాయం ఇవ్వగలమో కూడా నా రిపోర్టులో రాశాను.

మేనేజర్ రిపోర్టు చదివి నన్ను గదిలోకి పిలిచింది. రాత్రుళ్లు ఒంటరిగా వదిలేసిందని నువ్వే రాశావు, అయినా పిల్లని అక్కడే ఉంచమంటున్నావు, ఎలా అని అడిగింది. ప్రమాదం తెచ్చింది రోటా, అది మారింది, తల్లిని మార్చాల్సిన పని లేదు అన్నాను. తల్లి కాదు అని ఆమె సరిదిద్దింది. మలావీలో చేసిన రీసెర్చి వల్ల నీకు ఈ కుటుంబాల మీద మోజు ఏర్పడింది, దూరంగా నిలబడి చూడలేకపోతున్నావు అంది. వాకిట్లో నిలబెట్టిన ఎనిమిదేళ్ల పిల్ల గురించి ఆమెకి చెప్పాను. దూరం నుంచి చూస్తే ఆ ఇల్లూ ఈ ఇల్లూ ఒకటే, ఇద్దరూ కన్నతల్లి లేని పిల్లలే. దగ్గరికి వెళ్తేనే తేడా తెలుస్తుంది. నేను నేర్చుకుని వచ్చింది అదే అన్నాను.

ఆమె రిపోర్టు మూసి, నీ ప్రొబేషన్ రివ్యూ వచ్చే నెలలో ఉంది, అది గుర్తుపెట్టుకో అంది. బెదిరింపుగా అనలేదు, నా మంచి కోరే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం ఆంటీ టీ పెడుతూ నా ముఖం చూసి ఏమైందని అడిగింది. పేర్లు, ఊర్లు ఏవీ చెప్పకుండా పై పైన చెప్పాను. ముందు ఆమె కూడా నన్ను వారించింది.

"ఎందుకొచ్చిన లొల్లి బిడ్డా? వీసా పోతే మళ్లొస్తదా? వాళ్లు రాయమన్నట్టు రాసెయ్. ఆ పొల్లకు నువ్వు చుట్టమా పక్కమా?"

"ఆమెను కూడ గదే అంటున్నరు ఆంటీ. చుట్టం కాదట. తల్లికి పెద్దమ్మ బిడ్డ అయితే, పిల్లకు ఏం కాదట. కజిన్ అట."

ఆంటీ చేతిలో వడకట్టే జాలీ ఆగిపోయింది. "పెద్దమ్మ బిడ్డంటే అక్కనే గద. అక్క ఏం గాకుండ ఎట్ల పోతది? మా చిన్నమ్మ బిడ్డ పోతే దాని పిల్లలను ముగ్గురిని నేనే పెంచిన. వాళ్ల పెండ్లిళ్లల్ల తల్లి పీట మీద నేనే కూసున్న. నేను కజిన్‌నా?" టీ రెండు కప్పుల్లో పోసి, ఒకటి నా ముందు పెట్టింది. "రాయకు" అంది చివరికి. "వాళ్లు చెప్పినట్టు రాయకు."

కేసు మీటింగు మూడో అంతస్తులో జరిగింది. బయటి విభాగం నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన అధ్యక్షత వహించాడు. బడి నుంచి ఒక టీచర్, స్కూల్ నర్సు, మా మేనేజర్, నేను, ఆ పెద్దమ్మ. ఆమె చర్చికి వేసుకునే బట్టలు వేసుకుని వచ్చింది. అధ్యక్షుడు నా రిపోర్టు చూసి, చట్టప్రకారం ఈమె బంధువు కాదు కదా అని అడిగాడు. కాదు, ఆ సంగతి మొదటి పేరాలోనే రాశాను అన్నాను. ఆమె కౌన్సిల్‌కి చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు, అదీ రాశాను. రాత్రి షిఫ్టుల సంగతీ రాశాను. ఇవన్నీ రాసినదాన్ని, పిల్లని అక్కడినుంచి కదిలిస్తే ఒక తల్లిని పోగొట్టుకున్న పిల్ల రెండో తల్లిని మనవల్ల పోగొట్టుకుంటుందని కూడా రాశాను. పిల్లని పంపమనే సిఫారసు కింద నేను సంతకం పెట్టను. పంపాలని నిర్ణయిస్తే, ఆ కాగితం మీద వేరేవాళ్లు సంతకం పెట్టాల్సి ఉంటుందన్నాను.

మా మేనేజర్ తన ముందున్న కాగితాలు సర్దుకుంది. టీచర్ మాత్రం గొంతు సవరించుకుని, పిల్ల తల్లినని ఫారంలో అబద్ధం ఎందుకు రాశారని నేరుగా ఆ పెద్దమ్మనే అడిగింది. దురుసుగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. "నేను అబద్ధం రాయలేదు. మా చెల్లెలు ఆస్పత్రిలో పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టినప్పుడు, దీన్ని చూసుకో అనలేదు. ఇది నీ బిడ్డ అని నాకు గుర్తు చేసింది, అంతే. మీ ఫారంలో తల్లి అని ఒక్క గీత ఇచ్చారు. ఆ గీత మీద చనిపోయినదాని పేరు రాస్తే, పిల్లకి దెబ్బ తగిలినప్పుడు మీరు ఎవరికి ఫోన్ చేస్తారు?"

టీచర్ తల దించుకుని ఏదో రాసుకుంది. స్కూల్ నర్సు, పిల్ల ఆస్త్మా విషయంలో తను ఎప్పుడు ఫోన్ చేసినా ఈమె పది నిమిషాల్లో బడిలో ఉంటుందని చెప్పింది. ఆ మాట ఎవరూ ఆమెని అడగలేదు.

పిల్లని కదిలించకూడదని నిర్ణయమైంది. నేను వారం వారం వెళ్లి చూసి రావాలి, ఆమె పిల్లకి చట్టపరంగా సంరక్షకురాలు కావడానికి కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాలి, కౌన్సిల్ దానికి సాయం చేయాలి. మా మేనేజర్ తన అభ్యంతరం విడిగా రాసి ఫైల్లో పెట్టింది. అది ఆమె హక్కు. ఎనిమిది నెలలు పట్టింది. జడ్జి ఆర్డరు ఇచ్చిన రోజు పిల్ల కోర్టు బయట తన కొత్త బూట్లు కరుస్తున్నాయని గొణుగుతూ నిలబడింది. పెద్దమ్మ నాకు కృతజ్ఞతలు చెప్పలేదు. మీరు మొదటిరోజు వచ్చినప్పుడు మీ మొహం మీదే తలుపు వేసేద్దామనుకున్నాను అంది. వేసి ఉన్నా తప్పు పట్టేదాన్ని కాదన్నాను. ఇద్దరం చేతులు కలిపాం.

ప్రొబేషన్ రివ్యూ ఈ ఆర్డరుకి చాలా ముందే జరిగిపోయింది. మూడు నెలలు పొడిగించారు. కారణం, పైవాళ్ల మార్గదర్శనాన్ని స్వీకరించడంలో ఇబ్బంది. ఈ కేసు నుంచి ఏం నేర్చుకున్నాను, మళ్లీ ఇలాంటిది వస్తే ఏం మార్చుకుంటాను అని ఒక పేజీ రాసివ్వమన్నారు. రైల్లో స్లౌ వెళ్తూ రాశాను. రాత్రి షిఫ్టుల గురించి మూడోసారి కాదు, మొదటిసారి వెళ్లినప్పుడే అడగాల్సింది అని రాశాను. తనని ఎక్కడికైనా పంపేస్తారేమోనని పిల్ల పడ్డ భయం గురించి పిల్లతో ముందే మాట్లాడాల్సింది అని రాశాను. సిఫారసు విషయంలో మార్చుకునేది ఏమీ లేదు అని రాశాను. పేజీలో సగం కూడా నిండలేదు.

మేనేజర్ చదివి, ఇంతేనా అని అడిగింది. ఇంతే అన్నాను. మార్గదర్శనం గురించి ఒక పేరా చేరిస్తే పొడిగింపు ఎత్తేయమని తను రాయగలనంది. నిజంగా సాయం చేయాలనే అంది. ఆ పేరాలో ఏముండాలో ఇద్దరికీ తెలుసు.

"అది నేను నేర్చుకున్నది కాదు" అన్నాను.

ఆమె ఆ సగం పేజీని ఫైల్లో పెట్టి, సొరుగు మూసింది. ఆ మూడు నెలలూ ప్రొబేషన్‌లోనే పనిచేశాను.